నేను కోసేసిన చివరి పేరా

ఈ బరువు దింపుకునే చోటు ఇన్నేళ్లూ నాకు దొరకలేదు. దొరకలేదనడం కూడా అబద్ధమే, నేను వెతకలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెబుతున్నాను.

అప్పట్లో ఒక దినపత్రికలో కోనసీమ పేజీల పని చూసేవాణ్ణి. ఒక సాయంత్రం, డిస్లెక్సియా వల్ల అక్షరాలు చదవడంలో తడబడే పిల్లల మీద ఎక్కడో విదేశంలో జరిగిన పరిశోధన గురించి వార్త వచ్చింది. రంగు కళ్ళద్దాలు పెడితే అక్షరాలు కుదురుగా కనిపిస్తున్నాయని దాని సారాంశం. చివరి పేరాలో ఇంకో మాట ఉంది. ఇది కొద్దిమంది మీద చేసిన తొలి ప్రయత్నమేననీ, ఫలితం నిలుస్తుందో లేదో తెలియదనీ, ఇప్పుడు ఇస్తున్న శిక్షణ మాన్పించవద్దనీ ఆ పరిశోధకులే చెప్పారు.

ఇంతలో అమలాపురం నుంచి చీరల కొట్టు ప్రకటన వచ్చింది. చోటు చాలకపోతే వార్తను కింద నుంచి కోయడం మా పద్ధతి. కోశాను. పైన ‘డిస్లెక్సియాకు చెక్’ అని శీర్షిక పెట్టాను. మా ఇన్‌ఛార్జి భుజం తట్టాడు. గోరంతను కొండంత చేసినందుకే ఆ మెప్పు. నాకూ బాగానే అనిపించింది, సిగ్గులేకుండా.

ఇంతవరకే అయితే పొరపాటు అని సర్దిచెప్పుకునేవాణ్ణి. మర్నాడు పొద్దున్నే కొత్తపేట నుంచి మా పిన్ని కూతురు పద్మ ఫోన్ చేసింది. దాని కూతురు హారికకు అప్పుడు ఎనిమిదేళ్లు ఉంటాయేమో. ఒత్తులు కనిపిస్తే చాలు, ఆ పిల్ల వణికిపోయేది. ఒక రిటైర్డ్ మేష్టారు రోజూ కూర్చోబెట్టుకుని, పళ్ళెంలో బియ్యం పోసి, అక్షరం దిద్దిస్తూ దాని శబ్దం పలికిస్తూ ఓపిగ్గా నేర్పుతున్నారు. అప్పుడప్పుడే బస్సు బోర్డులు కూడబలుక్కుంటోంది.

“అన్నయ్యా, మీ పేపర్లో కళ్ళద్దాల సంగతి వచ్చింది కదా, అది నిజమేనంటావా? మేష్టారి దగ్గర మానిపించేసి అద్దాలు పెట్టిద్దామంటున్నారు ఈయన.”

“పేపర్లో ఊరికే వేస్తామేంటమ్మా?”

“అంతేలే. నువ్వు ఉన్నావనే కదా నా ధైర్యం.”

చివరి పేరా నాకు అక్షరం అక్షరం గుర్తుంది. శిక్షణ మాన్పించవద్దు. ఆ ఒక్క ముక్క చెబితే సరిపోయేది. ఎందుకు చెప్పలేదు? నా వార్తను నేనే తప్పనడానికి నోరు రాలేదా? చెల్లెలి ముందు పెద్దరికం పోతుందనుకున్నానా? రెండూనేమో. ఇప్పుడు కూడా ‘ఏమో’ అంటున్నాను చూశారా, ఖాయంగా తెలిసి కూడా.

మేష్టారి దగ్గర మానిపించారు. అద్దాలు పెట్టించారు. రంగు మార్చి ఇంకో జత పెట్టించారు. అలా గడిచిన రెండేళ్లలో పిల్ల నేర్చుకున్నది కూడా మరిచిపోయింది. తిరిగి మేష్టారి దగ్గరకు వెళ్దామంటే ఆయన అప్పటికే పోయారు. నేను మాత్రం తేలుకుట్టిన దొంగలా పండక్కీ పబ్బానికీ వెళ్లి బిస్కెట్లు ఇచ్చి వచ్చేవాణ్ణి. హారిక పదో తరగతి తప్పి చదువు మానేసింది. ఇప్పుడు బట్టల కొట్లో పనిచేస్తోంది. బిల్లు రాయాల్సి వస్తే పక్కమ్మాయిని బతిమాలుకుంటుంది.

మొన్న వాళ్ళింటికి భోజనానికి వెళ్లాను. పనసపొట్టు కూర వడ్డిస్తూ పద్మ మామూలుగానే అంది: “అందరి పిల్లలకీ తగ్గిందని నువ్వే వేసేవు కదా అన్నయ్యా. దీనికే శ్రద్ధ లేదు. అద్దాలు పట్టుమని పది నిమిషాలు ఉంచుకునేది కాదు.”

హారిక మజ్జిగ తెచ్చింది. తలవంచుకుని, “ఆయ్, నిజమే మావయ్యగారండీ. ఉక్కపోసి తీసేసేదాన్ని. నాదే తప్పండి,” అంది.

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. ఇన్నేళ్లూ ఆ పిల్ల తనను తాను మొద్దునని తిట్టుకుంటూ పెరిగింది. వాళ్ళమ్మ కూడా అదే నమ్మింది. నా వార్త తప్పని మాత్రం ఆ ఇంట్లో ఒక్కరికీ తోచలేదు, అంత నమ్మకం నా మీద. నేనేం చేశాను? మజ్జిగ పోసుకుని, కలుపుకుని తినేశాను. వంట బాగుందని కూడా అన్నాను. ఛీ.

క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించడానికి మీరెవరు? చేతిలో ఉన్న పేపరును అడ్డం పెట్టుకుని ఒక పిల్ల చదువు చెడగొట్టాను. తెలిసే కోశాను, అడిగితే తెలిసే నిజమన్నాను. ఇలా రాశాక గుండె కాస్త తేలికపడిన మాట నిజం. ఆ తేలిక కూడా నాకు దక్కకూడనిదే. హారికా, తప్పు నీది కాదమ్మా, నాది. ఈ మాట దాని ఎదురుగా కూర్చుని నోటితో చెప్పాల్సింది పోయి, ఇది చదవడం దాని వల్ల కాదని తెలిసే ఇక్కడ రాస్తున్నాను.