పక్కింటి బాలి ఆవిడ పెట్టిన పళ్ళెం

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి, కాళ్ళు చాపుకున్నా ఫరవాలేదు. పై దేశంలో, క్యారీ అనే ఊళ్ళో మా అమ్మాయి ఇంట్లో ఉండగా జరిగింది చెబుతాను. నాకు ఇప్పటికీ సరిగ్గా అర్థం కాలేదు, మీకైనా అవుతుందేమో వినండి.

పక్కింటావిడది బాలి దీవి. మనలాగే రోజూ గుమ్మంలో పూలు పెట్టే మనిషి. ఒక ఉదయం చూద్దును కదా, ఒంటి మీద అన్నీ తెల్లబట్టలే, కళ్ళు తుడుచుకుంటోంది. లోపల బల్ల మీద ఏదో ఫొటో, దాని ముందు అన్నం. ఎవరో పోయారనుకుని పరామర్శకు వెళ్ళి, చేయి పట్టుకు కూర్చున్నాను. మరి చెవులకు అంత బంగారం ఎందుకో బోధపడలేదు. లేవబోతుంటే పళ్ళెం అందించి, "ఈట్, ఆంటీ, ప్లీజ్" అంది. చావింట్లో మంచినీళ్ళైనా ముట్టం కదా! తల అడ్డంగా ఊపి, ఇంటికొచ్చి తలమీద నీళ్ళు పోసుకున్నాను.

మధ్యాహ్నం మా అమ్మాయి ఫోన్ పట్టుకొచ్చింది. "ఆవిడ మెసేజ్ పెట్టిందమ్మా. నువ్వు తినలేదని ఫీలవుతోంది. వాళ్ళ తాతగారి అమ్మకి పెట్టిందట. ఇక్కడ పిలిచి పెట్టడానికి వాళ్ళవాళ్ళు ఎవరూ లేరు."

"ఎప్పుడు పోయిందే ఆవిడ?"

"వందేళ్ళ పైనే అయింది."

"వందేళ్ళా! ఇంకా మైల తీరలేదేటే?"

"మైల కాదమ్మా, ఆవిడ పోయిన రోజట ఇవాళ!" అని నవ్వి, బల్ల మీది ఫొటోయే ఫోన్‌లో చూపించింది. బాలిలో దేన్‌పసార్ అనే ఊరి నడుమ పెద్ద మైదానం. అక్కడ కత్తులు పట్టిన మగమనిషి, ఆడమనిషి, పిల్లల విగ్రహాలు. లొంగిపోమంటే లొంగకుండా రాజూ, రాణివాసమూ, పరివారమూ తెల్లబట్టలు కట్టి, ఉన్న నగలన్నీ పెట్టుకుని, తుపాకులకు ఎదురెళ్ళి అక్కడే ప్రాణాలు వదిలారట. వాళ్ళలో ఈవిడ తాతగారి అమ్మ కూడా ఉందట.

"ఎవరి తుపాకులే?"

"డచ్ వాళ్ళవి."

"మన భీమిలి గోరీల డచ్చోళ్ళా?"

"ఆ దేశమే."

చిన్నప్పుడు ఆ గోరీల నీడన కూర్చుని చింతకాయలు తిన్నవాళ్ళం మేము. ఎవరివని ఒక్కనాడైనా అడగలేదు. ఫొటోలో చూస్తే మైదానం నిండా పిల్లలు గాలిపటాలు ఎగరేస్తున్నారు.

"అక్కడ ఏడవాలా, ఆడుకోవాలా?"

"రెండూ అనుకుంటా. నాకూ తెలీదమ్మా. మీటింగ్ ఉంది నాకు, ముందు నువ్వెళ్ళి తిను."

ఏ చీర కట్టాలో, బొట్టు పెట్టాలో వద్దో తేలక అద్దం ముందు చాలాసేపు నిలబడ్డాను. చివరికి పండగచీరే కట్టి వెళ్ళాను.

పళ్ళెం కదపకుండా అలాగే ఉంది. పసుపన్నం, వేయించిన కొబ్బరి. నేను ముద్ద నోట పెట్టేదాకా ఆవిడ ఊపిరి బిగబట్టి చూసింది. తర్వాత పక్కన కూర్చుని తనూ తినడం మొదలుపెట్టింది. కళ్ళు కారుతున్నాయి, నోరు నవ్వుతోంది. ఓదార్చాలో దీవించాలో తెలియక, కొబ్బరి ఇంకొంచెం వడ్డించమన్నాను.

మీ ఇంట పెట్టే చేతికీ, తినే నోటికీ కొరత రాకూడదు. మీ పెద్దల పేరు చెప్పి వడ్డించిన విస్తరి ముందు ఎప్పుడూ ఒక మనిషి కూర్చుని ఉండాలి, నాయనా.