ఏడో ఎలుక పొట్టలో వెలుగు

ఏడో నంబరు ఎలుకను వెల్లకిలా పడుకోబెట్టి, మత్తు గొట్టం మూతికి సరిగ్గా ఆనిందో లేదో చూసి, నల్లపెట్టె తలుపు వేశాను. పెట్టెలో కెమెరా ఉంటుంది. బయటి వెలుతురు చుక్క కూడా లోపలికి పోకూడదు.

ఆ ఎలుకలకు వెంట్రుకలుండవు. మా రీసెర్చ్ మేడమ్ వాటి డొక్కలో చర్మం కింద కాన్సర్ గడ్డ పెంచి, మందు ఇస్తూ, వారానికోసారి ఫొటో తీస్తారు. ఒక రకం లైటు పడితే ఆ గడ్డ మెరుస్తుంది. మెరుపు తగ్గితే మందు పనిచేస్తున్నట్టు. ఎలుకను కోయకుండానే తెలిసిపోతుంది. పంజరాలు కడగడం, మేత వేయడం, ఎలుకల్ని పట్టుకోవడం నా పని. ఇంటర్ తప్పిన నాకు అదే గొప్ప.

స్క్రీన్ మీద బొమ్మ వచ్చింది. గడ్డ దగ్గర మెరుపు బాగా తగ్గింది. పొట్ట మాత్రం భగభగా వెలుగుతోంది.

"కాన్సర్ పొట్టలకు పాకింది" అన్నారు మేడమ్. కుర్చీలో వెనక్కి వాలిపోయారు. "ఇన్ని నెలల కష్టం పాయె."

"అది మంచిగనే తిరుగుతాంది మేడమ్. పొద్దున నా వేలు గూడ కొరికింది."

"నీకు అన్నీ మంచిగనే కనవడ్తయి చెల్లె. ఆకు తిన్నా పేగులు గిట్లనే మెరుస్తయి, అందుకే ఆకు కలవని మేత తెప్పిస్తున్నం. ఇగ గడ్డ గాకుంటే ఏముంటది? రేపు పదింటికి దీన్ని చంపి, కోసి చూద్దాం. సామాను రెడీ పెట్టు."

వాగుడుకాయనని పేరున్న నేను తలూపి, ఎలుకను తీసుకెళ్లి పంజరంలో పెట్టాను.

మాది ములుగు అవతల పల్లె. ఇక్కడ ల్యాబ్ దగ్గర సుబేదారిలో గది తీసుకుని ఒక్కదాన్నే ఉంటాను. ఒక్క మనిషికి కొత్తిమీర కట్ట వారమైనా అయిపోదు. ఎలుకల గదిలో మాట్లాడేందుకు మనిషుండడు, ఫోన్ తేనివ్వరు. నేను మాట్లాడుతుంటే పంజరం అంచుకొచ్చి నిలబడేది ఆ ఏడోదే. మా ఇంట్లో మేకపిల్ల చూస్తుంటే దానికింత పెట్టకుండా ఎవరం ముద్ద ఎత్తం. అట్లా వారం నుంచి రోజూ రెండు కొత్తిమీర రెమ్మలు తెచ్చి దానికి పెట్టాను. వేరే ఏదీ పెట్టొద్దని మొదటి రోజే చెప్పారు. ఎందుకని నేను అడగలేదు.

సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది.

"తిన్నవా బిడ్డా?"

"తిన్ననే."

"గొంతు గట్లున్నదేంది?"

"ఏం లేదే, పని ఎక్కువైంది."

అన్నం వండుకోలేదు. కిటికీలో గ్లాసు నీళ్లలో మిగిలిన కొత్తిమీర పచ్చగా నిలబడి ఉంది. చెబితే పని పోతుంది. పని పోతే పల్లెకు పోవాలి. చెప్పకపోతే పదింటికి అది పోతుంది. మళ్లీ నేను ఆ గదిలో ఎవరితో మాట్లాడాలి?

తెల్లారి తొమ్మిదింటికే వెళ్లాను. కత్తెరలు తీయలేదు. మేడమ్ రాగానే కవర్లోంచి కొత్తిమీర కట్ట తీసి చూపించాను.

"తిట్టే ముందుగాల జర దీన్ని ఫొటో తియ్యుండ్రి మేడమ్. వారం సంది నేనే పెడ్తున్న ఏడోదానికి."

ఆమె కట్టను చూశారు, నన్ను చూశారు. కంప్యూటర్ ఆన్ చేశారు. నేను ఒక రెమ్మ తుంచి, నిన్న ఏడో ఎలుక పడుకున్న చోటే పెట్టి, నల్లపెట్టె తలుపు వేశాను.