మా వీధిలో మూడో సింహాచలం

మా చిన్నప్పుడు... వీధిలో నిలబడి "ఒరే సింహాచలం" అంటే ముగ్గురు పలికేవారు.

సింహాచలం కొండ మీది అప్పన్నకి మొక్కుకుంటే పుట్టినవాళ్ళకి మా వైపు ఆ పేరే పెట్టేవారు మరి. తప్పెటగుళ్ళ బృందానికి పెద్ద, తప్పెట సింహాచలం... జాతరలో ఆయన గుండెకి కట్టుకున్న తప్పెట కొడుతూ గెంతుతుంటే రాజాం నుంచి కూడా జనం వచ్చేవారు. బరువులెత్తి పతకాలు తెచ్చినవాడు బరువుల సింహాచలం... బస్టాండులో అతని ఫ్లెక్సీ ఉండేది, దాని పక్కన నిలబడి అందరూ సెల్లులో ఫొటోలు దిగేవారు. మూడోవాడు మా అన్నయ్య. ఏడో తరగతి. వాడి పేరుకి ముందు ఇంకా ఏమీ లేదు.

"నాకేటి తగిలిస్తారో సూద్దురుగాని" అని తెగ గొప్పలు పోయేవాడు.

ఆ ఎండాకాలం తప్పెట సింహాచలం ఆడుతూ ఆడుతూనే కూలబడి ప్రాణం వదిలాడు. తొలకరి పడేసరికి బరువుల సింహాచలాన్ని లారీ గుద్దేసింది.

ఇక మా నాయనమ్మకి ముద్ద దిగలేదు. "సావు ఆ పేరునే ఏరుకుని మరీ అట్టుకుపోతన్నాది. ఈ గుంటడొక్కడే మిగిలినాడు" అంది. మర్నాడే అన్నయ్యని పెంటకుప్ప మీద కూర్చోబెట్టింది. పక్కింటావిడ చేటెడు నూకలిచ్చి వాణ్ణి కొన్నట్టు, మళ్ళీ మాకు ఇచ్చేసినట్టు చేయించింది. అలా చేస్తే చావు కూడా ఆ పిల్లాణ్ణి వద్దనుకుంటుందట. పేరు పెంటయ్య అని మార్చేసింది.

"పాత పేరు ఎవులెత్తినా ఊరుకోను" అని మా అందరికీ వార్నింగు.

వాడికి ఎంత ఉక్రోషమో... "పెంటయ్యంటే నాను పలకను" అన్నాడు. అలవాటూ కాలేదు, పాపం. అన్నానికి పిలిచినా తిరిగి చూసేవాడు కాదు.

ఆ రోజు ఎండ కాస్తూనే ఉంది. అన్నయ్య, స్నేహితులు నాగావళి మధ్య ఇసుక తిన్నె మీద ఆడుతున్నారు. పైన ఒడిశా కొండల్లో వాన పడిందట... ఏరు ఒక్కసారిగా ఎర్రగా పొంగుకొచ్చింది. ఊరంతా గట్టు మీదికి పరిగెత్తాం. ఎవరి పిల్లల్ని వాళ్ళు పేరుపెట్టి కేకేశారు. ఒక్కొక్కడూ తిరిగి చూసి ఒడ్డుకి ఉరికాడు.

మా వాడు తిన్నె అవతలి కొసన, వీపు మా వైపు పెట్టి మా గేదెని అదిలిస్తున్నాడు.

"పెంటయ్యా... బేగి రారా, పెంటయ్యా..." నాయనమ్మ, అమ్మ, నేను. వాడు తిరగలేదు. ఆ హోరులో గొంతు ఎవరిదో తెలియదు కదా... పేరే తెలుస్తుంది.

చివరికి నాయనమ్మే గుండెలు బాదుకుంటూ అరిచింది. "ఒరే సింహాచలం..."

వాడు వెంటనే తిరిగాడు. అప్పటికే వాడికీ మాకూ మధ్య అంతా నీళ్ళే. సాయంత్రానికి గేదె ఒక్కటే ఒడ్డెక్కింది.

ఆ తర్వాత నాయనమ్మ పోయేదాకా ఎవర్నీ పేరుపెట్టి పిలవలేదు. ఒరే, ఒసే... అంతే. ఇప్పుడు మా వీధి పిల్లలకి అన్నీ కొత్త కొత్త పేర్లు. ఒకరి పేరు ఇంకొకరికి ఉండదు. గట్టిగా పిలిస్తే ఒక్కరే పలుకుతారు.

మీ వీధిలో ఒకే పేరున్నవాళ్ళని ఏమని పిలిచేవారో చెప్పండి... మా అన్నయ్య పేరుకి ముందు కూడా చివరికి ఊరు ఒకటి తగిలించింది. నాగావళి సింహాచలం అంటారు.