జాడీ అడుగున నాలుగో మచ్చ

చేతులు వణకడం మొదలయ్యాక మునియప్ప పని మానేశాడని బెంగళూరులో పాత జాడీలు పోగుచేసేవాళ్ళంతా చెబుతారు. అబద్ధం. ఆయన చేతులు ఎన్నడూ వణకలేదు. ఆ మాట పుట్టించింది నేను. తొమ్మిదేళ్ళుగా మోస్తున్నాను. ఎవరైనా నా ముందే ఆ మాట అంటే, అవునన్నట్టు తల కూడా ఊపుతున్నాను.

బొమ్మసంద్రలో ఎప్పుడో మూతబడ్డ ఒక ఫ్యాక్టరీలో ఆయన ఊరగాయ జాడీలకు గ్లేజు, అంటే గాజులా మెరిసే పూత, పూసేవాడు. కింద గోధుమరంగు, మెడ దగ్గర నీలం. బట్టీ వేడికి నీలం కరిగి జారుతుంది, జారి సరిగ్గా జాడీ నడుము దగ్గర ఆగుతుంది. ఇంకెవరు పూసినా అడుగుదాకా కారిపోతుంది. జాడీని తలకిందులుగా పట్టుకుని పూతలో ముంచుతాడు కనుక, వేళ్ళు పట్టిన చోట రంగు అంటదు. ఒకవైపు బొటనవేలు, ఎదురుగా మూడు వేళ్ళు. అడుగంచున ఆ నాలుగు మచ్చలుంటేనే మునియప్ప జాడీ. ఈ సంగతి కొనేవాళ్ళకు నేర్పింది కూడా నేనే.

నేను కుండల పని నేర్పుతాను. ఆర్నెల్లు తంటాలుపడి ఆయన గ్లేజులాంటిది ఒకటి తీశాను. నేను పిలిస్తే ఆయన క్లాసుకు వచ్చి చూశాడు. "దోసె మీద చట్నీ ఒలికినట్టుండాది మేడం" అన్నాడు. పిల్లలంతా నవ్వారు. అంతే. ఇంతకంటే పెద్ద కారణం చెప్పమంటే నా దగ్గర లేదు.

పోట్లాడదామనే బొమ్మనహళ్ళిలో ఆయన సొంతంగా బట్టీ పెట్టుకున్న షెడ్డుకు వెళ్ళాను. జాడీ ముంచుతున్నాడు. కుడిచేతికి నడిమివేలు లేదు. నన్ను చూసి గబగబా టవలు చుట్టుకున్నాడు. ఫ్యాక్టరీ పోయాక చేరిన ఇటుకల మిషన్లో పోయిందట. "చెయ్యి పోయినోడంటే ఎవురూ కొనరమ్మా. ఎవురికీ చెప్పొద్దు." చెప్పనన్నాను. మాట నిలబెట్టుకున్నాను కూడా. అదే నా ఘనకార్యం.

తర్వాతి ఆదివారం పాత సామాన్ల సంతకు ఒక జాడీ పట్టుకొచ్చాడు. ఆ విడత బట్టీలో కాలిన జాడీలన్నీ తీసుకోవడానికి ఒక వ్యాపారి సిద్ధంగా ఉన్నాడు. అవి మునియప్పవేనని నేను ఒక్క మాట అంటే చాలన్నాడు. చుట్టూ ఇరవైమంది. జాడీ తిరగేశాను.

"మచ్చలు మూడే ఉండాయే. నాలుగోది యాడ పోయిందప్పా?" అన్నాను.

"నేనే చేసినానమ్మా."

"చేసినోడికి తన వేళ్ళు ఎన్నో తెలీదా?"

ఎవరో నవ్వారు. ఆయన చెయ్యి టవల్లోనే ఉంది. బయటికి తీస్తే చాలు, నా బతుకు అక్కడే తెల్లారిపోయేది. తీయడని నాకు తెలుసు. తెలిసే అడిగాను. ఆయన నా వంక చూశాడు. కోపంగా కాదు, పగిలిన కుండను చూసినట్టు.

"నావి కావులేమ్మా" అన్నాడు. ఎడమచేత్తో జాడీ సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

వ్యాపారి సంగతేమిటని అడిగితే, పాపం, చేతులు వణుకుతున్నాయి, ఇంకెవరో ఆయన పేరుతో చేస్తున్నారు అన్నాను. అంత తేలిగ్గా వచ్చేసింది. ఆ నెలలోనే మునియప్ప బట్టీ కూలగొట్టాడు. ఒక అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్‌గా చేరాడు. మొన్న వానాకాలంలో పోయాడు. మూడు మచ్చల జాడీ ఎక్కడ కనబడినా ఇప్పటికీ నకిలీ అని పక్కన పడేస్తున్నారు. నేను నేర్పిన చదువు కదా.

పశ్చాత్తాపమా ఇది? ఏమో. నన్ను నవ్వుల పాలు చేశాడన్న మంట ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు, అదీ చెప్పాలి. క్షమించమని మిమ్మల్ని అడగను. ఆ హక్కు మీది కాదు, అది ఉన్నవాడు పోయాడు. చెప్పాను, గుండె మీది బరువు కొంచెం జరిగింది, అంతవరకే.

కానీ ఒకటి తేలడం లేదు. చెయ్యి చూపించలేకపోయాడు, సరే. నోరు మూసుకుని పోవచ్చుగా. "నావి కావులేమ్మా" అని అంతమందిలో నన్నెందుకు గెలిపించాడు?