రత్నమ్మక్క ఒప్పుకున్న గడియారం

మొన్న కామారెడ్డి బజారులో గడియారాలు బాగుచేసే ఒకతని బల్ల ముందు నిలబడ్డాను. చిన్న గిన్నెలో పెట్రోలు పోసి, విప్పిన భాగాలు అందులో కడుగుతున్నాడు. పాత వాసనలు తీపి జ్ఞాపకాలు తెస్తాయని అందరూ అంటారు. ఆ వాసన తగలగానే నాకు మాత్రం చికాకు పుట్టింది. రత్నమ్మక్క వెంట ఒక చేతి గడియారం కోసం తిరిగిన రోజులు తలుచుకుంటే ఇన్నేళ్ళకు కూడా ఒళ్ళు మండుతుంది.

రత్నమ్మక్క ఎల్లారెడ్డి దవాఖానలో నర్సు. నేను హైదరాబాదులో కాన్పులు చేసే పని నేర్చుకుని, ఇరవై ఏళ్ళ వయసులో ఆమె చేతికింద చేరాను. ఆమెకు అప్పటికే నలభై ఐదు దాటి ఉంటాయి. పొట్టి మనిషి, గట్టి గొంతు. దవాఖానలో గోడ గడియారం ఉండేది కాబట్టి అక్కడ నాడి లెక్కపెట్టడానికి ఇబ్బంది లేదు. కానీ కాన్పులు జరిగేది ఇళ్ళల్లో. ఆ ఇళ్ళల్లో గడియారం ఎక్కడిది? ఆమె మణికట్టు మీద వేలు పెట్టి నాడి చెప్పేసేది. పాతికేళ్ళ అనుభవం మరి. "నాకైతే నడుస్తది పిల్లా, నీకు నడువది. సెకండ్ల ముల్లున్న గడియారం ఒకటి కొనుక్కో" అని నేను చేరిన వారంలోనే చెప్పింది. కొనుక్కోవడానికి నాకేం అభ్యంతరం? ఆమె కొననిస్తే గదా!

మొదటిసారి ఇద్దరం కామారెడ్డికి బయలుదేరాం. దారిలో బస్సు రెండుసార్లు ఆగింది. ఇంజను చల్లారేదాకా దిగి ఎండలో నిలబడ్డాం. బజారుకు చేరేసరికి నాకు ఓపిక అయిపోయింది. దుకాణంలో ముద్దుగా ఉన్న గడియారం చూపించారు. నా రెండు నెలల జీతం ధర. నాకు నచ్చింది. రత్నమ్మక్క దాన్ని చెవి దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంది. తర్వాత బోర్లా తిప్పి విన్నది. నిలువుగా పట్టుకుని విన్నది. వెనక మూత తీయమంది. లోపల చూసి, మూడు రోజులు తన దగ్గర ఉంచితే చూసి చెబుతానంది. దుకాణదారు మొహం ఎర్రబడింది.

"గిది గడియారమా, పెండ్లిపిల్లనా అమ్మా? గిన్ని పరీక్షలేంది?"

"పెండ్లిపిల్ల తప్పు చేస్తే సర్దుకుంటరు. గిది తప్పు చెప్తే మనిషి పోతది" అంది ఆమె, గడియారం బల్ల మీద పెట్టేసి.

ఉత్త చేతులతో వెనక్కి వచ్చాం. ఆ తర్వాత హైదరాబాదు పోయే ఒక గుమాస్తాతో ఇంకొకటి తెప్పించాను. దాన్ని రాత్రంతా గోడ గడియారం కింద పెట్టి, ఆరు నిమిషాలు వెనకబడిందని తిప్పి పంపింది. ఒక దానికి సెకండ్ల ముల్లు మరీ సన్నం, దీపం వెలుతురులో కనబడదట. ఇంకో దానికి పట్టా గట్టిది, నీళ్ళు తగిలితే చెయ్యి ఒరుసుకుంటదట. ఇంతలో లడాయి, అదే రెండో ప్రపంచ యుద్ధం, మొదలైంది. సీమ సరుకు రావడం తగ్గి, గడియారాల ధరలు పైపైకి పోయాయి. "అక్కా, అప్పుడే కొంటే అగ్గువకు వస్తుండె" అని నేనంటే, "అగ్గువకు వచ్చేది గడియారం కాదు, గడియారం బొమ్మ" అని నా నోరు మూయించింది. ధర పెరగనీ తగ్గనీ, తప్పు మాత్రం ఎప్పుడూ నాదే.

చివరకు నాకు విసుగెత్తిపోయింది. సంతకం పెట్టి జీతం తీసుకునే దాన్ని, నా చేతికి గడియారం కొనుక్కోవడానికి ఒకరి అనుమతి ఎందుకు? సెలవు రోజున ఒక్కదాన్నే కామారెడ్డి వెళ్ళి, స్టేషను బయట తిరుగుతూ అమ్ముకునే ఒకతని దగ్గర బంగారు రంగుది కొన్నాను. మర్నాడు దవాఖానలో కావాలనే చెయ్యి ముందుకు చాపి మందుసీసాలు సర్దాను. రత్నమ్మక్క ఒక్కసారి చూసింది.

"మంచిగ మెరుస్తున్నది" అంది. అంతే. తిట్టి ఉంటే నేనూ నాలుగు మాటలు అనేదాన్ని. ఆ అవకాశం కూడా ఇవ్వలేదు.

పది రోజులు బాగానే నడిచింది. పదకొండో రోజు పొద్దున, బస్సు పోని ఒక పల్లె నుంచి కాన్పుకు బండి వచ్చింది. రాళ్ళ దారిలో రెండు గంటలు ఎగిరెగిరి పడుతూ పోయాం. ఆ అమ్మాయికి తొలి కాన్పు. మధ్యాహ్నానికి బిడ్డ పుట్టింది కానీ ఏడవలేదు. రత్నమ్మక్క బిడ్డను తీసుకుని వీపు రుద్దుతూ, నోరు శుభ్రం చేస్తూ కూర్చుంది. తల్లిని నాకు అప్పజెప్పింది.

"నాడి ఎంతున్నది?" అని తల ఎత్తకుండానే అడిగింది.

నేను బంగారు రంగు గడియారం చూస్తూ లెక్కపెట్టాను. "ఎనభై ఎనిమిది అక్కా. మంచిగనే ఉన్నది."

బయటికి నెత్తురు ఎక్కువ కనబడలేదు. తల్లి నిద్రపోతున్నదనుకున్నాను. ఇంతలో బిడ్డ కెవ్వుమంది. రత్నమ్మక్క దాన్ని వాళ్ళ అవ్వ చేతికిచ్చి ఇటు తిరిగింది. తల్లి మొహం చూసి, వచ్చి మణికట్టు పట్టుకుంది. పది క్షణాలు కూడా పట్టలేదు.

"నూట ఇరవై ఉన్నది! ఏం లెక్కవెట్టినవే?"

"గడియారం చూసే చెప్పిన అక్కా!"

"గడియారం చూసినవ్. మనిషిని చూసినవా?"

పొత్తికడుపు మీద చెయ్యి వేసి గట్టిగా రుద్దింది. లోపల నిలిచిన నెత్తురు గడ్డలు గడ్డలుగా బయటపడింది. మంచం కాళ్ళ వైపు ఎత్తు చేసి ఇటుకలు పెట్టించింది, నాతో సూది మందు వేయించింది, గంటన్నర సేపు చెయ్యి తీయకుండా కూర్చుంది. పొద్దు వాలేవేళకు ఆ అమ్మాయి కళ్ళు తెరిచి మంచినీళ్ళు అడిగింది.

తిరుగు బండిలో చేయి చూసుకున్నాను. ఎండ ఇంకా చింతచెట్ల మీదే ఉంది, నా గడియారంలో రాత్రి ఎనిమిదిన్నర అయింది. పొద్దుటి కుదుపులకు లోపలి స్ప్రింగు చుట్టలు ఒకదానికొకటి అంటుకుని ముళ్ళు పరుగెత్తాయని తర్వాత తెలిసింది. నా నిమిషం అసలు నిమిషం కన్నా పొట్టిది. అందుకే నాడి తక్కువ చెప్పింది. నేను ఏడ్చాను. ఎల్లారెడ్డి దీపాలు కనబడ్డాయి. అప్పుడు రత్నమ్మక్క, "ఆదివారం కామారెడ్డికి పోదం" అంది. ఆ ఏడుపులోనూ నాకు ప్రాణం ఉసూరుమంది. మళ్ళీ ఆ బస్సు!

ఈసారి దుకాణాలకు పోలేదు. గడియారాలు పెట్రోలులో కడిగి బాగుచేసే యూసుఫ్ సాబు దగ్గరికి తీసుకుపోయింది. ఆయన సొరుగులోంచి ఒక స్టీలు గడియారం తీశాడు. అద్దం మీద గీతలు, పసుపెక్కిన ముఖం. రైలు గార్డు ఒకాయన నౌకరీ అయిపోయి ఊరికి పోతూ అమ్మిపెట్టమని ఇచ్చాడట. "పైన సూరత్ చూడకమ్మా, లోపల మాల్ చూడు. నేనే సాఫ్ చేసిన" అన్నాడు. రత్నమ్మక్క విన్నది, బోర్లా తిప్పింది, నిలబెట్టింది. ఆయన విసుక్కోలేదు, నవ్వుతూ మూడు రోజులు తీసుకుపొమ్మన్నాడు. బస్సులో తీసుకుపోయి, మళ్ళీ బస్సులో తెచ్చి, నన్ను ప్లాట్‌ఫారం మీద కూర్చోబెట్టి స్టేషను గడియారంతో పోల్చి చూపించింది. మూడు రోజులకు అర నిమిషం తేడా. నా మెరుపు గడియారానికి పోసిన దాంట్లో సగం ధర. ఇంతకాలం ఆ సొరుగు సంగతి ఎందుకు చెప్పలేదని గయ్యిమన్నాను.

"మంచి వస్తువు వస్తె గద చెప్పేది. పోయిన వారమే వచ్చిందని కబురు పంపిండు" అంది.

గడియారం దొరికాక తిప్పలు తీరాయనుకున్నాను. తీరలేదు. ప్రతి రోగి దగ్గరా ముందు వేలు పెట్టి నా అంచనా చెప్పాలి, ఆ తర్వాతే గడియారం చూడాలి. రెండూ కలవకపోతే మళ్ళీ మొదటి నుంచి. ఆమెకు వేరే ఊరికి బదిలీ అయ్యేదాకా ఈ సతాయింపు ఆగలేదు. ఆ తర్వాత ఆమెను రెండుసార్లే చూశాను. ఆమె పోయినట్టు ఉత్తరం వచ్చిన రోజు కూడా కాన్పు పని ఉండి వెళ్ళలేకపోయాను.

ఆ స్టీలు గడియారం ఎప్పుడో ఆగిపోయింది, దాచుకోలేదు కూడా. అలవాటు మాత్రం పోలేదు. నా దగ్గర పని నేర్చుకున్న అమ్మాయిలందరి చేతా అదే చేయించాను. వాళ్ళు నా వెనక కళ్ళు తిప్పుకోవడం నాకు తెలుసు. "గడియారం ఉండంగ గీ తిప్పలేంది అమ్మా?" అని ఒక పిల్ల బాలింత మంచం పక్కనే నా మొహం మీద అడిగింది. "ముందుగాల ఆమె మొహం చూసి చెప్పు" అన్నాను. ఆ పిల్ల విసుక్కుంటూనే వంగి చూసింది.