మంచం కింద మిగిలిన నేల

నేను నిద్ర లేచేసరికి నా మంచం కింద తప్ప ఇంట్లో ఎక్కడా నేల లేదు.

మంచం నాలుగు కోళ్ల చుట్టూ ఒక చాప పరిచినంత మేర పాత గచ్చు అలాగే ఉంది. దాని అంచు నుంచి గోడల దాకా జానెడు లోతున తవ్వేశారు. మధ్యగది గుమ్మంలోంచి చూస్తే అక్కడా మట్టే. ఆ వెనక వంటింట్లో గడ్డపార దెబ్బలు ఇంకా పడుతున్నాయి. నా చెప్పులు మట్టి కాకుండా కిటికీలో పెట్టి ఉన్నాయి. మా మేస్త్రీ మర్యాదస్తుడు.

అంత చప్పుడులో ఎలా పడుకున్నావని తర్వాత చాలామంది అడిగారు. నాది దినపత్రికలో రాత్రి డ్యూటీ. పక్క గదిలో అచ్చు యంత్రం తిరుగుతుంటే బల్ల మీద తలపెట్టి కునుకు తీసేవాణ్ణి. తెల్లవారి తార్నాక చేరి పడుకుంటే, లాలాగూడ రైల్వే వర్క్‌షాపు సైరను కూడా నన్నేనాడూ లేపలేదు. గడ్డపార ఏపాటిది?

"లేచిండ్రా సార్?" అన్నాడు మేస్త్రీ, తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుంటూ. "లేపుదమనుకున్న. రాత్రంత పని చేసొచ్చిండ్రు, పాపమనిపించింది. మంచం కాడిది తర్వాత జూస్కుందమని ఇడిచిపెట్టిన."

"మూడు గదులు ఒక్కసారే ఎందుకు తవ్వినవయ్యా?"

"ముందర గది మీరే తవ్వుమన్నరు గద సార్."

"ముందర గది అన్న. మిగతా రెండు ఎవరన్నరు?"

మేస్త్రీ వంటింటి వైపు చూశాడు. మధ్యగది వైపు చూశాడు. "ఇంట్ల అందరు పెద్దలే. ఎవరి మాటని కాదందు సార్?" అన్నాడు.

అసలు సంగతి ఇది. అరవై ఏడో అరవై ఎనిమిదో, సంవత్సరం సరిగ్గా గుర్తులేదు. యూనివర్సిటీకి నడిచివెళ్లే దూరంలో మేము కొనుక్కున్న పాత ఇల్లు అది. ముందరగది, మధ్యగది, వంటిల్లు రైలు డబ్బాల్లా ఒకదాని వెనక ఒకటి. ఇంట్లో ముగ్గురమే: అమ్మ, నేను, నా భార్య. గచ్చు ఎక్కడికక్కడ పగిలింది. వానాకాలం వస్తే పగుళ్లలోంచి చీమలు బయలుదేరి చక్కెర డబ్బా దాకా రోడ్డు వేసుకునేవి. షాబాదు బండలు పరిపించాలని ముగ్గురం ఒక్కమాట మీద ఉన్నాం. పని జరిగినన్నాళ్లు వేరే ఇల్లు చూసుకునే ప్రసక్తి లేదు, కాబట్టి ఒక గది అయ్యాక ఇంకో గది చేయించాలన్నదాంట్లోనూ ఒక్కమాటే. ఏ గది ముందన్నది మాత్రం ఎవరం పైకి అనలేదు. అంటే గొడవ అవుతుందని ముగ్గురికీ తెలుసు. మా ఇంట్లో గొడవలు అట్లా రాకుండా పోయేవి, లేదా అట్లా వాయిదా పడేవి.

నా ఉద్దేశం ముందరగది. వచ్చేపోయేవాళ్లు కూర్చునేది అదే. ముఖ్యమైనది ముందుండాలన్నది పత్రికలో నేను నేర్చుకున్న మొదటి పాఠం. ఒక సాయంత్రం గేటు దగ్గర మేస్త్రీని ఆపి చెప్పాను. "అట్లనే సార్" అన్నాడు.

అమ్మ ఉద్దేశం వంటిల్లు. మా ఊళ్లో ఏ ఇంట్లో మరమ్మతు చేసినా పొయ్యి దగ్గరే మొదలుపెట్టేవారట. ఆమె మేస్త్రీని పెరట్లోకి పిలిచి, చాయ్ ఇచ్చి, "కోడలికి చెప్పకు బిడ్డా, మొదలైనంక ఆమెనే సూస్తది" అన్నది. "అట్లనే అవ్వా" అన్నాడు.

నా భార్య ఉద్దేశం మధ్యగది. దాని వెనక మా ఇద్దరి దగ్గరా లేని కారణం ఉంది. ఆమె యూనివర్సిటీలో ఎమ్మే చదువుతున్నది, చరిత్ర. పోయినేడు ఒక పేపరు పోయింది. ఆ పేపరు మళ్లీ రాయడానికి ఇంకో నెల ఉంది. ఈసారి కూడా పోతే పుస్తకాలన్నీ కట్టగట్టి పాతసామాన్లవాడికి వేసి మళ్లీ ఆ మాటెత్తనని చెప్పింది. ఆమె ఒకసారి అన్నదంటే చేసే మనిషి. మధ్యగది ముందు అయిపోతే తలుపేసుకుని చదువుకోవచ్చని ఆమె లెక్క. అత్తగారికీ భర్తకూ చెప్పి నొప్పించడం దేనికని నేరుగా మేస్త్రీకే చెప్పింది. "అట్లనే అమ్మా" అన్నాడు.

ఒక్క వార్తకు ఇద్దరిని అడిగి నిర్ధారించుకోవాలంటారు మా వృత్తిలో. ఆ మేస్త్రీ ముగ్గురి మాటా విన్నాడు, ముగ్గురినీ నమ్మాడు. మమ్మల్ని సంతోషపెట్టడానికి వారాసిగూడ నుంచి ఇంకో ఇద్దరు కూలీలను కూడా తెచ్చుకుని పొద్దున్నే మొదలుపెట్టాడు. అమ్మ అప్పుడు కూరగాయలకు పోయింది. నా భార్య లైబ్రరీకి పోయింది. నేను ముందే చెప్పినట్టు నిద్రలో ఉన్నాను.

ఇద్దరూ తిరిగొచ్చాక ఎవరి గుమ్మంలో వాళ్లు నిలబడ్డారు. నేను మంచం మీద కూర్చున్నాను, దిగడానికి చోటు లేక.

"వంటిల్లు తవ్వుమన్నదెవరు?" అన్నాను.

"మధ్యగది తవ్వుమన్నదెవరు?" అన్నది అమ్మ.

"ముందరగది మీరే తవ్విపిచ్చిండ్రా, మీరు పండుకునే గది?" అన్నది నా భార్య.

తప్పుకుందామని మేస్త్రీ ఎప్పుడో పెరట్లోకి పోయాడు. అప్పుడే బండల మొదటి బండి వచ్చి గేటు ముందు ఆగింది. అందులో ఒక గదికి సరిపోయేవే ఉన్నాయి. అన్నాళ్లు వాయిదా పడ్డ గొడవ ఇంక వాయిదా పడే వీలు లేకపోయింది.

నేను గంభీరంగా మొదలుపెట్టాను. ఎవరొచ్చినా ముందు చూసేది ముందరగది అనీ, ముఖ్యమైనది ముందుండాలనీ, పత్రికలో కూడా ఇంతేననీ.

"మీ పేపర్ల మొదటి పేజీ అచ్చుకు ఎప్పుడు కడతరు?" అన్నది నా భార్య.

నేను దుప్పటి మడతపెట్టడం మొదలుపెట్టాను.

"చెప్పుండ్రి. మొదటి పేజీ ఆఖరుకు గాని కట్టరని, గందుకే ఇంటికొచ్చేసరికి తెల్లారుతదని, పెండ్లయినప్పటి నుంచి నాకు రోజూ చెప్తున్నరు గద. లోపలి పేజీలు సాయంత్రానికే అయిపోతయంటిరి."

అమ్మకు పత్రికల సంగతి తెలియదు గానీ గెలుపెటు ఉందో తెలిసిపోయింది. "అంతే గద మరి! ముందరగది చేసినంక వంటింటి మట్టి యాడికెల్లి మోస్తరు? కొత్త బండల మీదికెల్లే గద? ఇంత సదివి, ఇంత రాసి, గీ పాటి తెల్వదారా నీకు?"

అట్లా నా గది ఆఖరుకు పోయింది. వంటిల్లూ మధ్యగదీ మిగిలాయి. పొయ్యి లేకపోతే పెరట్లో వండాలి, వానొస్తే పస్తే అన్నది అమ్మ. నా భార్య కాసేపు ఆలోచించింది. ఆమె ఏదన్నా ఒప్పుకునే ముందు అట్లా ఆలోచించిందంటే మనం ఏదో పోగొట్టుకోబోతున్నామని నాకప్పటికే అనుభవం.

"సరే అత్తమ్మా, వంటిల్లే ముందు. అటెన్క మధ్యగది. కాని ఇంట్ల గట్టి నేల గీ మంచం కిందనే ఉన్నది. పరీక్షయ్యేదాక గిది నాది."

"మరి నేనేడ పండుకోవాలె?"

"మీకు చప్పుడు లెక్కలేదు గద, యాడన్న పండుకుంటరు," అన్నది.

ఆ నెలంతా నేను యూనివర్సిటీలో పడుకున్నాను. తెల్లవారి డ్యూటీ దిగి ఇంటికొచ్చి, పెరట్లో స్నానం చేసి, అమ్మ పెట్టింది తిని, ఒక దుప్పటీ, ఆ రోజు పత్రికా చంకన పెట్టుకుని బయలుదేరేవాణ్ణి. మాణికేశ్వర్ నగర్ వైపు రోడ్డు పక్క చెట్ల కింద మంచి నీడ ఉండేది. పత్రిక మొహం మీద కప్పుకుంటే వెలుతురు రాదు. ఒకరోజు మంచి నిద్రలో ఎవరో పిలిచినట్లయింది. కళ్లు తెరిస్తే అచ్చులోంచి ఏమీ కనపడలేదు. పత్రికకు అవతలి నుంచి విద్యార్థుల మాటలు వినపడ్డాయి.

"సార్, జర లోపలి పేజీ పైకి తిప్పుకుంటరా? క్రికెట్ స్కోర్ జూస్కుంటం."

తిప్పి కప్పుకున్నాను. నా పత్రికను అంత దగ్గర నుంచి, అంత శ్రద్ధగా చదివినవాళ్లను నేను మళ్లీ చూడలేదు. మర్నాడు వాళ్లే వచ్చి, సినిమా పేజీ ఏ రోజు వస్తుందని అడిగిపోయారు.

ఇంట్లో నా భార్య మంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని పెద్దగా చదివేది. సుత్తి చప్పుడులో తన గొంతు తనకు వినపడాలంటే అట్లా చదవక తప్పదు. వంటింట్లో కొత్త బండల మీద కూర్చుని అమ్మ వినేది. ఆమెకు అక్షరాలు రావు. నేను మధ్యాహ్నం పూట వచ్చినప్పుడు ఇద్దరి మధ్య ఇట్లా నడుస్తుండేది:

"ఆ సుల్తాను కొడుకు తండ్రిని ఖైదుల పెట్టిండంటివి, ఆ ముసలాయన ఇంక ఉన్నడా?"

"ఇంక రెండు పేజీలుంటడు అత్తమ్మా."

"అన్నమన్న పెడుతున్నడా వాడు?"

"అది పుస్తకంల లేదు."

"గట్ల రాసేటోళ్లు ఏం రాసినట్టు?" అని అమ్మ నిట్టూర్చేది.

మధ్యగది అయ్యాక పని ముందరగదికి వచ్చింది. అప్పటికి పరీక్ష వారంలోకి పడింది. గోడల పక్క నుంచి మొదలుపెట్టి మేస్త్రీ మంచం వైపు బండలు పరుచుకుంటూ వచ్చాడు. "అమ్మా, జర కాళ్లు పైకి" అన్నప్పుడల్లా ఆమె పుస్తకం మీంచి చూపు తీయకుండా కాళ్లెత్తేది. మంచం అంచు దగ్గర అతను ఆగాడు. మిగిలిన బండలను పెరటిగోడకు ఆనించి, పరీక్షయ్యాక వస్తానని చెప్పి, ఇంకెక్కడో పని ఒప్పుకుని పోయాడు. పాత గచ్చు, కొత్త బండల కంటే వేలెడంత ఎత్తుగా, మంచం కింద మిగిలింది.

ఆమె పరీక్ష రాసొచ్చింది. ఎట్లా రాసినవని అడిగితే, "రాసిన" అన్నది. మంచం జరుపుదామా అంటే అమ్మ అడ్డుపడింది. ఆ జాగ మీద కూర్చుని చదివింది కాబట్టి ఫలితం తేలేదాకా అక్కడి మట్టి కదపొద్దన్నది. నాకు మంచం తిరిగొచ్చింది. ఒక్క అసౌకర్యమే, లేచిన ప్రతిసారీ ఆ వేలెడు ఎత్తు మరిచిపోయి ముందుకు తూలేవాణ్ణి.

ఫలితాలు బోర్డు మీద పెట్టారని తెలిసిన రోజు ఆమె ఒక్కతే నడిచిపోయింది. నన్ను రావొద్దన్నది. అమ్మ వాకిట్లో నిలబడింది, నేను నిలబడలేదన్నట్టు కిటికీ దగ్గర నిలబడ్డాను. ఎంతసేపటికీ రాలేదు. పుస్తకాలు కట్టడానికి తాడు ఎక్కడుందో అమ్మకు తెలుసు. పొద్దుటే దాన్ని బియ్యం డబ్బా వెనక దాచేసిందని తర్వాత తెలిసింది. చివరకు గేటు చప్పుడైంది. నా భార్య లోపలికొచ్చి, మంచం మీద కూర్చుని, చెమట తుడుచుకుని, తన కాళ్ల కింద గచ్చు వైపు చూసింది.

"ఇగ తవ్వుకోండ్రి," అన్నది.

అమ్మ ఆమె తల నిమిరి, మెటికలు విరిచి, కళ్లు తుడుచుకుంది. ఆ తర్వాత, "తవ్వుడేంది? అచ్చొచ్చిన జాగ. నేనుండంగ దాని మీద గడ్డపార పడనియ్య," అన్నది.

"ఫలితం దాక అంటిరి గద అత్తమ్మా?"

"ఫలితం రాకముందు అన్న. ఇప్పుడొచ్చింది గద."

ఆ సంగతి వాడలో పాకింది. పరీక్షలొస్తే పక్కిళ్ల ఆడపిల్లలు పుస్తకాలతో వచ్చి మా మంచం మీద కూర్చునేవాళ్లు. అమ్మ వాళ్లకు చాయ్ ఇచ్చేది. అట్లా కూర్చున్నవాళ్లలో తప్పినవాళ్లూ ఉన్నారు. వాళ్లు సరిగా మధ్యలో కూర్చోలేదని అమ్మ వాదన. నా భార్య మాత్రం కాలికి ఎదురుదెబ్బ తగిలినప్పుడల్లా మేస్త్రీకి కబురు పెట్టేది.

ఒకసారి నేనే స్వయంగా వారాసిగూడ పోయి అతన్ని పట్టుకున్నాను.

"ఎందుకు రావట్లేదయ్యా?"

"అమ్మ తవ్వుమన్నది, అట్లనే అన్న. అవ్వ తవ్వొద్దన్నది, అట్లనే అన్న. నేనొస్తే ఇద్దరిల ఒకరి మాట పోతది గద సార్," అన్నాడు. ఆ తర్వాత నా మొహం చూసి జాలిపడి, "ఎల్లుండొస్త సార్," అన్నాడు.

ఆ మంచం పోయి వేరే మంచం వచ్చింది. గోడలకు రంగులు మారాయి. గచ్చు అక్కడే ఉంది. దానికని మిగిల్చిన బండలు పెరటిగోడకు ఆనించే ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని అమ్మ పడుకోబెట్టి దాని మీద బట్టలు ఉతకడం మొదలుపెట్టింది, కనుక మేస్త్రీ ఏ ఎల్లుండి వచ్చినా ఒక బండ తక్కువ పడుతుంది.