స్కానింగ్ మిషన్‌లో తెగిన పోగు

మొన్న కోరుట్లలో ఉండే మా చిన్నకూతురికి తలనొప్పి తగ్గడం లేదంటే జగిత్యాల తీసుకుపోయి స్కానింగ్ తీయించాం. ఏమీ లేదన్నారు లెండి. అయితే బయట బల్ల మీద కూర్చున్న నాకు లోపలి నుంచి ఆ మిషన్ దడదడ వినబడగానే నవ్వు ఆగలేదు. పక్కవాళ్లు ఈ ముసలిదానికేమైందన్నట్టు చూశారు, చూస్తే చూడనీ.

సిరిసిల్లలో సాంచలు, అంటే మరమగ్గాలు, మూలపడి ఇంటికొకరు మహారాష్ట్రలోని భీవండికి రైలెక్కిన రోజుల్లో, మేం ఆసామి అనే మా సందులోని సాంచల యజమాని దగ్గర పని లేక మా ఆయనా అక్కడికే పోయాడు. అక్కడ సాంచ దగ్గరే ఫిట్స్ వచ్చి పడిపోతే తోటివాళ్లు తీసుకొచ్చారు. హైదరాబాద్ పెద్దాసుపత్రిలో మెదడులో గడ్డ ఉందన్నారు. అది క్యాన్సరో, మందులతో కరిగే టీబీ గడ్డో తేలాలి. తల కోయకుండానే ఆ గడ్డలో ఏ రసాయనం ఎంత ఉందో గీతలుగా చూపించే స్కానింగ్ ఒకటుందని, కదలకుండా పడుకోవాలని డాక్టరమ్మ చెప్పింది.

ఇంకెక్కడి కదలడం, ఏళ్లకేళ్లు సాంచల మధ్యే కునుకు తీసిన మనిషి ఆ చప్పుడుకు హాయిగా గురక పెట్టాడు. చిక్కంతా మధ్యలో కాసేపు చప్పుడు ఆగినప్పుడే వచ్చింది. సాంచ ఆగిందంటే పోగు తెగినట్టే కాబట్టి నిద్రలోనే చెయ్యి చాపి, దిగ్గున లేవబోయి, తల చుట్టూ బిగించిన చట్రానికి నుదురు కొట్టుకున్నాడు. తీసిందంతా పాడైంది.

“ఎందుకు లేచావయ్యా?” అని డాక్టరమ్మ కసిరింది.

“పోగు తెగిందనుకున్న మేడం, అతుకుదామని లేసిన.”

నాకు ఒళ్లు మండింది. “నీ తలకాయల ఏమున్నదోనని నేను సస్తుంటే నీకు పోగు రంది పట్టిందా? ఆగితే ఆగనీ, ఆసామి చూసుకుంటడు. నువ్వు సప్పుడు చెయ్యక పండుకో” అన్నాను. డాక్టరమ్మ కూడా నవ్వేసింది. మళ్లీ పడుకున్నాడు, ఈసారి కదలలేదు.

గీతలు చూసి, క్యాన్సర్‌లా లేదు, టీబీ గడ్డే అనిపిస్తున్నది, మందులు మొదలుపెడదాం అంది ఆమె. అప్పుడు ఏడ్చాను, అంతవరకు ఏడవనిదాన్ని.

మేం సిరిసిల్లలో మా సందులోకి రాగానే ఆ ఆసామి తన షెడ్డులో నడుస్తున్నవన్నీ ఆపించి, “ఏమన్నరో అందరికి ఇనబడేటట్టు చెప్పు వదినా” అన్నాడు. చెప్పాను. బీడీల చాటలు పక్కన పెట్టి ఆడవాళ్లంతా మీదపడి కౌగిలించుకున్నారు. గడ్డ మెల్లగా కరిగింది, ఆయన చాలా ఏళ్లు బతికాడు.

ఇప్పుడు అలాంటి కబురు ఫోన్‌లో వస్తుంది. నడివయసు దాటాక అక్షరాలు నేర్చుకున్న నేను కూడా కూడబలుక్కుని చదువుకుంటాను, సంతోషిస్తాను. కానీ ఒక్కరి ప్రాణం నిలిచిందని సందంతా కలిసి ఊపిరి పీల్చుకోవడం మళ్లీ చూడలేదు.